ఆరు వారాల పిల్లిపిల్లలు నాలుగు: తుమ్ములు, కంటి పుసి, ఒకదానికి వాంతులు. వైరస్సా, బ్యాక్టీరియానా, రెండూనా?

సెల్లార్_పిల్లులు (విజయవాడ):

నమస్తే అండి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తల్లి లేకుండా దొరికిన నాలుగు పిల్లలు నా దగ్గర ఉన్నాయి. కోరపళ్లు పూర్తిగా వచ్చాయి, దవడ పళ్లు వస్తున్నాయి, కళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి. ఐదారు వారాల వయసు అనుకుంటున్నాను. వివరాలు ఇవీ:

నల్లది, 520 గ్రాములు. తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు. బాగా తింటోంది, ఆడుతోంది.

చారలది, 490 గ్రాములు. చీమిడి పచ్చగా చిక్కబడింది. నాలుక అంచున ఎర్రటి పుండు, చొంగ కారుతోంది. ఆకలిగానే గిన్నె దగ్గరకు వస్తుంది, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది. జ్వరం 103.4.

తెల్లది, 450 గ్రాములు. కుడి కన్ను పుసితో అతుక్కుపోయింది. తడిపి తెరిస్తే కనుగుడ్డు మీద పొగలాంటి మచ్చ కనిపిస్తోంది. వెలుతురులోకి తీసుకెళ్తే ఆ కన్ను గట్టిగా మూసుకుంటోంది.

ఎర్రది, 380 గ్రాములు. దీనికి తుమ్ములు పెద్దగా లేవు. నిన్న రాత్రి నుంచి మూడు వాంతులు, ఈ ఉదయం నీళ్ల విరేచనం. నీళ్ల గిన్నె మీదకు తల వంచి కూర్చుంటుంది గానీ తాగట్లేదు. థర్మామీటర్ పెడితే 97.4 ఫారెన్‌హీట్ చూపించింది.

మందుల షాపులో అజిత్రోమైసిన్ సిరప్, మాక్సిఫ్లాక్సాసిన్-డెక్సామెథసోన్ కంటి చుక్కలు ఇచ్చారు. ఇంకా ఏవీ మొదలుపెట్టలేదు. నాలుగింటికీ ఒకే యాంటీబయాటిక్ వేస్తే సరిపోతుందా? పీసీఆర్ చేయించాలా? ఇంట్లో రెండేళ్ల పెద్ద పిల్లి ఉంది, దానికి టీకాలు వేయించాను. పెట్టెను రోజూ నేల తుడిచే లిక్విడ్‌తో తుడుస్తున్నాను.

---

చిన్నజంతువుల_వెట్:

మిగతా మూడింటి సంగతి తర్వాత. ముందు ఎర్రదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపటిదాకా ఆగకండి. వాంతులు, నీళ్ల విరేచనం, నీళ్ల గిన్నె దగ్గర తల వంచి తాగకుండా కూర్చోవడం, ఒళ్లు చల్లబడటం, ఇవన్నీ టీకా పడని పిల్లలో కలిసి వస్తే వేరే రుజువు దొరికేదాకా పాన్‌ల్యూకోపీనియా అనే అనుకోవాలి. అది పిల్లుల పార్వో వైరస్. పక్కన మూడు పిల్లలు తుమ్ముతున్నాయని దీన్నీ జలుబు లెక్కలో కలిపేయడం, మిశ్రమ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువగా ప్రాణం తీసే పొరపాటు.

బయల్దేరే ముందు చేయాల్సింది ఒళ్లు వెచ్చబరచడం. గోరువెచ్చని నీళ్ల సీసాకు రెండు మడతల తువ్వాలు చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి. వేడెక్కువైతే పిల్ల పక్కకు జరగడానికి చోటు ఉండాలి. గంట నుంచి మూడు గంటల్లో మెల్లగా ఎక్కాలి. హెయిర్ డ్రయ్యర్‌తో గబగబా వేడి చేస్తే చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుని రక్తపోటు పడిపోతుంది. ఉష్ణోగ్రత 99 దాటేదాకా పాలు గానీ తిండి గానీ నోట్లో పెట్టొద్దు. చల్లబడ్డ పిల్లకు పేగు కదలదు, పోసింది కడుపులోనే నిలిచి వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్లూకోజ్ పొడిని కొద్ది నీళ్లలో చిక్కగా కలిపి రెండు మూడు చుక్కలు చిగుళ్లకు రాయండి, అంతకు మించి వద్దు. ఇంత చిన్న పిల్లలకు కాలేయంలో చక్కెర నిల్వ దాదాపు ఉండదు కాబట్టి కొన్ని గంటల పస్తుకే పడిపోతాయి.

ఆసుపత్రిలో అడగాల్సినవి మూడు. మలం మీద పార్వో యాంటిజెన్ కిట్, తెల్ల రక్తకణాల సంఖ్య, రక్తంలో చక్కెర. కుక్కల పార్వోకి వాడే కిట్టే పిల్లుల వైరస్‌నీ పట్టుకుంటుంది కాబట్టి చాలా క్లినిక్‌లలో దొరుకుతుంది. పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, ఈ పిల్లలకు టీకా పడలేదు కూడా. (లైవ్ టీకా వేసిన రెండు వారాల లోపు మాత్రం ఉత్తుత్తి పాజిటివ్ రావచ్చు.) నెగెటివ్ వచ్చిందని ఊరుకోకూడదు, వైరస్ మలంలో విడతలు విడతలుగా పడుతుంది. అప్పుడు రక్తకణాలే చెబుతాయి. పిల్లులకు మామూలుగా మైక్రోలీటరుకు 5,500 నుంచి 19,500 దాకా ఉంటాయి. 2,000 కంటే తక్కువ అంటే గట్టి అనుమానం, 1,000 దిగితే పరిస్థితి విషమం. రక్తం ఎక్కువ తీస్తారేమోనని భయపడకండి, అర మిల్లీలీటరు చాలు.

షాపు వాళ్లిచ్చిన కంటి చుక్కలు పక్కన పెట్టండి. అందులో డెక్సామెథసోన్ స్టెరాయిడ్. తెల్లదాని కంటికి అది చుక్క కూడా తగలకూడదు. ఎందుకో కంటి డాక్టరు గారు కింద రాస్తారనుకుంటున్నాను.

జ్వరం ఉంది కదా అని చారలదానికి పారాసిటమాల్ ఇవ్వకండి. ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లుల కాలేయంలో చాలా తక్కువ. ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తాయి, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. కిలోకు 10 మి.గ్రా. మోతాదుకే విషం ఎక్కిన సందర్భాలు ఉన్నాయి. 650 మాత్రలో పావు ముక్క అంటే ఈ అరకిలో పిల్లకు కిలోకు 300 పైనే.

---

నేత్ర_వెట్:

తెల్లదాని గురించి రాస్తాను.

కనుగుడ్డు మీద పొగమచ్చ, వెలుతురు ఓర్చుకోలేకపోవడం అంటే అది కలక కాదు, కార్నియా (కనుగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర) మీద పుండు. తుమ్ములతో కలిసి ఈ వయసులో వచ్చిందంటే మొదటి అనుమానం పిల్లుల హెర్పిస్ వైరస్. ఈ వైరస్ కార్నియా పైపొరనే తింటుంది. ఫ్లోరెసిన్ స్ట్రిప్‌ను (రంగు అద్దిన కాగితం ముక్క) ఒక చుక్క సెలైన్‌తో తడిపి లోపలి రెప్పకు తాకించి, సెలైన్‌తో కడిగి నీలి వెలుతురులో చూస్తే పుండు ఉన్నంత మేరా ఆకుపచ్చగా మెరుస్తుంది. చెట్టు కొమ్మల్లా సన్నగా పాయలు పాయలుగా కనిపిస్తే ఇంకే పరీక్షా అక్కర్లేదు, హెర్పిసే. అన్నిసార్లూ ఆ కొమ్మలు కనిపించవు. పుండు పెద్దదైతే అవి కలిసిపోయి దేశపటంలా తయారవుతుంది.

స్టెరాయిడ్ ఎందుకు వద్దంటే, వైరస్‌ను అదుపులో పెడుతున్న రోగనిరోధక శక్తిని అది అక్కడికక్కడే పడుకోబెడుతుంది, పుండు మానడాన్నీ ఆపుతుంది. మొదటి రోజు ఎరుపు తగ్గి బాగుపడినట్టే కనిపిస్తుంది, తర్వాత పుండు లోతుకు దిగుతుంది. మందుల షాపుల్లో దొరికే కంటి చుక్కల్లో చాలా వరకు ఇలాంటి జంట మందులే. పేరు చివర "డి", "డెక్స్", "ప్రెడ్" లాంటివి కనిపిస్తే కింద సన్నక్షరాల్లో కూర్పు చదవండి. నియోమైసిన్-పాలీమిక్సిన్ కలిపిన ఆయింట్‌మెంట్లు కూడా పిల్లుల కళ్లకు వాడొద్దంటాను. అరుదే అయినా వాటితో ప్రాణాంతకమైన అలర్జీ వచ్చిన దాఖలాలున్నాయి.

శుభ్రం చేసే పద్ధతి: కాచి చల్లార్చిన నీళ్లు లేదా నార్మల్ సెలైన్‌లో దూది ముంచి కంటి మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి. ఎండిన పుసి నాని దానంతటదే వదులుతుంది. పొడిగా గీకితే రెప్ప అంచు చర్మం ఊడొస్తుంది. ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి, ఒక్క దూది ముక్క ఒక్క తుడుపుకే. రోజుకు మూడు నాలుగు సార్లు తప్పదు. ఎందుకంటే రెప్పలు మూసుకుని ఉంటే లోపల చీము నిలిచి, రెప్పల లోపలి పలుచటి పొర కార్నియాకు అతుక్కుని అలాగే గట్టిపడుతుంది. ఆ అతుకు పడితే జీవితాంతం చూపు మసకే, ఆపరేషన్ చేసినా మళ్లీ అతుక్కుంటుంది. పెద్ద పిల్లుల కంటే చిన్న పిల్లల్లోనే ఇది ఎక్కువ.

మందులు: గాన్‌సైక్లోవిర్ 0.15 శాతం కంటి జెల్ రోజుకు నాలుగైదు సార్లు, బ్యాక్టీరియా కోసం క్లోరాంఫెనికాల్ 1 శాతం ఆయింట్‌మెంట్ మూడు నాలుగు సార్లు. రెంటికీ మధ్య పది నిమిషాలు ఆగండి, ఆయింట్‌మెంట్ ఆఖరున. క్లోరాంఫెనికాల్ పెట్టేటప్పుడు చేతికి గ్లవ్ ఉండాలి, అది మనుషులకు మంచిది కాదు. పుండు లోతుగా ఉంటే, లేదా రెండు కళ్లకూ పాకితే నోటి ద్వారా ఫామ్‌సైక్లోవిర్ కిలోకు 90 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. 450 గ్రాముల పిల్లకు ఒక్క డోసు 40 మి.గ్రా. చొప్పున, 250 మాత్రలో ఆరో వంతు. ఇది మీ వెట్ రాసిస్తేనే. ఎసైక్లోవిర్ మాత్రలు, వాలాసైక్లోవిర్ మాత్రలు మాత్రం పిల్లి నోట్లో పడకూడదు. ఎముక మజ్జను, కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి షాపులో "అదే కంపోజిషన్" అంటే ఒప్పుకోకండి.

కనుగుడ్డు మీద మచ్చ జావలా మెత్తబడినట్టు కనిపిస్తే అదే రోజు చూపించాలి. అది కరిగిపోయే పుండు, గంటల్లో చిల్లు పడొచ్చు.

---

సెల్లార్_పిల్లులు:

చాలా థాంక్స్ అండి. ఎర్రదాన్ని తీసుకెళ్లాం. మలం కిట్ పాజిటివ్, తెల్ల రక్తకణాలు 1,900, చక్కెర 52. అడ్మిట్ చేసుకున్నారు. మిగతా మూడింటికి పార్వో వస్తుందా? వాటికి యాంటీబయాటిక్ ఏది? "అన్నిటికీ వైరసే అయితే యాంటీబయాటిక్ ఎందుకు" అని ఒకరు, "వెంటనే స్ట్రాంగ్‌ది వేయండి" అని ఇంకొకరు అంటున్నారు.

---

చిన్నజంతువుల_వెట్:

ఆ ఇద్దరూ ఒక్కో పిల్ల విషయంలో నిజమే చెబుతున్నారు. అందుకే నాలుగింటికీ ఒకే చీటీ రాయలేం.

ఎర్రదానికి యాంటీబయాటిక్ ప్రాణాధారం. పార్వో వైరస్ వేగంగా విభజించుకునే కణాలను వెతుక్కుంటుంది: పేగు లోపలి పొర, ఎముక మజ్జ. ఒక పక్క పేగు గోడ ఊడిపోతుంది, ఇంకో పక్క కాపలా కాయాల్సిన తెల్లకణాలు ఉండవు. పేగులోని ఇ.కోలై లాంటి బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి నడిచిపోతుంది. చాలా పిల్లలు చనిపోయేది రక్తంలోకి పాకిన ఆ ఇన్‌ఫెక్షన్‌తో, నీరు లాగేయడంతో. అందుకని ఆంపిసిలిన్ కిలోకు 22 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి నరంలోకి, లేదా దాని జాతిదే సల్‌బాక్టమ్ కలిపింది. జ్వరమో, ఒళ్లు చల్లబడటమో, కణాలు బాగా పడిపోవడమో ఉంటే గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా (ఇ.కోలై లాంటివి) కోసం ఇంకొకటి చేరుస్తారు. అమికాసిన్ అయితే నీటి లోటు తీరాకే, లేకపోతే మూత్రపిండాలు పోతాయి. ఎన్రోఫ్లాక్సాసిన్ అంటే కిలోకు రోజుకు 5 మి.గ్రా. దాటకుండా చూడమని అడగండి. దాటితే పిల్లులకు రెటీనా పాడై చూపు పోయే ప్రమాదం ఉంది. పెరిగే పిల్లల కీళ్లకూ ఆ జాతి మందులు మంచివి కావు.

ద్రవాల లెక్క తెలిసి ఉంటే వాళ్లతో మాట్లాడటం తేలిక. 380 గ్రాముల పిల్లకు 8 శాతం నీటి లోటు అంటే 30 మి.లీ. రోజువారీ అవసరం కిలోకు 100 మి.లీ. చొప్పున 38. మొత్తం 68 మి.లీ., ఆపై వాంతుల్లో, విరేచనాల్లో పోయింది పోయినట్టు కలపాలి. రింగర్ లాక్టేట్‌లో గ్లూకోజ్ కలిపి, పొటాషియం చూసుకుంటూ నరంలోకి ఎక్కించాలి. నరం దొరక్కపోతే తొడ ఎముక మజ్జలోకి ఎక్కించవచ్చు, చిన్న పిల్లల్లో అది బాగా పనిచేస్తుంది. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు చర్మం కింద పెట్టిన సెలైన్ అక్కడే సంచిలా నిలిచిపోతుంది, లోపలికి పీల్చుకోదు. వాంతులకు మారోపిటెంట్ కిలోకు 1 మి.గ్రా. రోజుకు ఒకసారి. వాంతి ఆగిన గంటల్లోనే కొద్దికొద్దిగా తిండి మొదలుపెట్టాలి. పేగు పొర మళ్లీ ఎదగాలంటే లోపలికి ఆహారం తగలాలి. "కడుపుకు విశ్రాంతి" అని రెండు రోజులు పస్తు పెట్టే పాత పద్ధతి ఈ వయసులో హాని చేస్తుంది. తెల్లకణాలు 24 నుంచి 48 గంటలకోసారి చూడాలి, అవి పైకి తిరిగితే గండం గడుస్తున్నట్టే. మొదటి ఐదు రోజులు దాటిన పిల్లలు సాధారణంగా కోలుకుంటాయి.

నల్లదానికి ఇప్పుడు ఏ యాంటీబయాటిక్ వద్దు. నీళ్ల చీమిడి, తిండి, ఆట అన్నీ బాగున్నాయి. పిల్లుల శ్వాస జబ్బులకు యాంటీబయాటిక్ వాడకం మీద 2017లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలూ ఇదే అంటాయి: జ్వరం, నీరసం, తిండి మానేయడం లేకుండా ఉంటే పది రోజుల దాకా గమనిస్తూ ఉండమని.

చారలదానికి ఇవ్వాలి. చిక్కటి పచ్చ చీమిడి, జ్వరం రెండూ ఉన్నాయి. నాలుక మీద పుండు కాలిసీవైరస్ (పిల్లుల్లో జలుబు, నోటి పుండ్లు తెచ్చే వైరస్) పని కావచ్చు, హెర్పిస్ ముక్కు లోపలి పొరను కొరికేసి ఉండవచ్చు. ఆ పచ్చి పుండు మీద మైకోప్లాస్మా, బోర్డెటెల్లా లాంటి బ్యాక్టీరియాలు దిగుతాయి. మొదటి మందు డాక్సీసైక్లిన్, ఎందుకంటే మైకోప్లాస్మాకు కణకవచం ఉండదు కాబట్టి అమాక్సిసిలిన్ దాని మీద పనిచేయదు. బోర్డెటెల్లా, క్లమిడియా కూడా డాక్సీకే లొంగుతాయి. కిలోకు 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు. మీ సీసా మీద 5 మి.లీ.లో 50 మి.గ్రా. అని ఉంటే, 490 గ్రాముల పిల్లకు పూటకు 0.25 మి.లీ. సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో కొలవండి. ఇన్సులిన్ సిరంజి మీద అంకెలు యూనిట్లు, మిల్లీలీటర్లు కావు. 40 గీతల సిరంజిలో 25వ గీత దాకా లాగితే రెండున్నర రెట్లు ఇచ్చినట్టు. మాత్ర లేదా క్యాప్సూల్ అయితే వెనకే 5 మి.లీ. నీళ్లు లేదా ముద్ద తిండి తప్పదు, అన్నవాహికలో చిక్కుకుంటే అక్కడ కాలి, మానేటప్పుడు గొట్టం ఇరుకైపోతుంది. పాల పళ్లకు రంగు పడుతుందన్న భయం పాత టెట్రాసైక్లిన్ల నాటిది, డాక్సీతో అది చాలా తక్కువ.

తెల్లదానికి కంటి మందులు చాలు. పచ్చ చీమిడి, జ్వరం వస్తే డాక్సీ చేర్చండి. అజిత్రోమైసిన్ సీసా పక్కన ఉంచేయండి. క్లమిడియా ఉంటే దానితో పూర్తిగా పోదు.

మిగతా మూడింటికి పార్వో వస్తుందా అంటే, వైరస్ సోకిన 2 నుంచి 10 రోజుల్లో బయటపడుతుంది. ఒకే పెట్టెలో ఉన్నాయి కాబట్టి ఇవి ఇప్పటికే పట్టేసి ఉండొచ్చు. జ్వరం లేని నల్లదానికి, తెల్లదానికి ఇవాళే ట్రైక్యాట్ టీకా (పార్వో, హెర్పిస్, కాలిసీ మూడింటికీ కలిపినది) వేయించమంటాను. నాలుగు వారాలు దాటిన పిల్లకు, వైరస్ ఎదురుగా ఉన్నప్పుడు తుమ్ములు అడ్డంకి కావు. ఇప్పటికే లోపలున్న వైరస్‌ను టీకా ఆపలేదు, లోపలికి ఇంకా రాకపోతే మాత్రం కాపాడే అవకాశం ఉంది. తర్వాత రెండు మూడు వారాలకోసారి 16 వారాల వయసు దాటేదాకా.

---

ల్యాబ్_మైక్రో:

పీసీఆర్ గురించి అడిగారు. మీ పరిస్థితిలో దాని ఫలితం వచ్చినా మందు మారదు, ఆ డబ్బు ఎర్రదాని రక్తపరీక్షలకు పెట్టండి. హెర్పిస్, కాలిసీ, మైకోప్లాస్మా మూడూ ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ పాజిటివ్ వస్తాయి. హెర్పిస్ అయితే ఒకసారి సోకాక నరాల ముడిలో జీవితాంతం దాక్కుంటుంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇప్పటి జబ్బుకు అదే కారణం అనుకోవడానికి లేదు. ముక్కు చీమిడి కల్చర్‌కి పంపడం మరీ దండగ, అక్కడ మామూలుగా ఉండే సూక్ష్మజీవులే పెరుగుతాయి.

పీసీఆర్ పనికొచ్చే చోటు ఒకటుంది. ఒక కన్ను ముందు వాచి, కొన్ని రోజులకు రెండోది వాచి, తుమ్ములు తక్కువగా ఉండి, కంటి లోపలి పొర ఎర్రగా ఉబ్బి బయటికి వచ్చినట్టుంటే క్లమిడియా ఫెలిస్‌ను అనుమానించాలి. అది తేలితే డాక్సీ పది రోజులు కాదు, నాలుగు వారాలు, ఇంట్లోని పిల్లులన్నిటికీ ఒకేసారి. అప్పుడు పరీక్ష ఖర్చు సార్థకం. శాంపిల్ తీసేటప్పుడు ఫ్లోరెసిన్, కంటి చుక్కలు వేయకముందే ప్లాస్టిక్ పుల్ల ఉన్న స్వాబ్‌తో కింది రెప్ప లోపల, గొంతు వెనక రుద్దాలి. పుసి మీద రుద్దితే లాభం లేదు, కణాలు రావాలి.

ఇంకొకటి. ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) పరీక్ష ఇప్పుడు చేయించకండి. ఈ వయసులో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల పాజిటివ్ రావచ్చు, ఆరు నెలలు దాటాక చేయాలి. ల్యుకీమియా వైరస్ పరీక్ష యాంటిజెన్‌ది, అది ఎప్పుడైనా చెల్లుతుంది.

---

ఫోస్టర్_రాజమండ్రి:

సెల్లార్_పిల్లులు గారూ, పెట్టెను నేల తుడిచే లిక్విడ్‌తో తుడుస్తున్నానన్నారు. సీసా వెనక బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉందేమో చూడండి. చారలదాని నాలుక పుండుకు అదీ కారణం కావచ్చు. ఈ రసాయనం పాదాలకు, బొచ్చుకు అంటుతుంది, పిల్ల నాక్కుంటుంది, నాలుక మీద కాలి పుండు పడుతుంది, చొంగ, జ్వరం వస్తాయి. చూడ్డానికి అచ్చం కాలిసీ పుండే. తేడా తెలియాలంటే పాదాల మెత్తలు ఎర్రగా కందాయా, ఆ లిక్విడ్ తగిలిన మిగతా పిల్లల నాలుకలూ ఎర్రబడ్డాయా చూడండి. ఏదైనా సరే ఇవాళే ఆపేసి గోరువెచ్చని నీళ్లతో పాదాలు కడిగి తుడవండి. ఫినాయిల్, డెట్టాల్ కూడా పిల్లుల దగ్గర వద్దు, అవి పిల్లులకు విషం. పైగా వాటితో పార్వో చావదు. శానిటైజర్‌తోనూ చావదు.

పార్వో మీద పనిచేసేది బ్లీచ్. 4-5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 30 మి.లీ. లీటరు నీళ్లలో, ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి. ముందు సబ్బుతో మలం, వాంతి, చీమిడి మరకలు పూర్తిగా కడిగేయాలి, మురికి ఉంటే బ్లీచ్ అక్కడే సత్తువ కోల్పోతుంది. తర్వాత పది నిమిషాలు తడిగా ఉంచి, నీళ్లతో కడిగి, ఆరాక పిల్లల్ని పెట్టండి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. అట్టపెట్టెలు, బొంతలు పారేయండి, ప్లాస్టిక్ టబ్‌లోకి మార్చండి. వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతుకుతుంది. కోలుకున్న పిల్ల మలంలో కూడా ఆరు వారాల దాకా రావచ్చు. కాబట్టి టీకా పూర్తికాని పిల్లల్ని కొత్తగా తెచ్చుకోకండి.

పనుల వరుస కూడా ముఖ్యం. ముందు పెద్ద పిల్లి, తర్వాత నల్లది, తెల్లది, చివర చారలది. ఎర్రది ఇంటికొచ్చాక అన్నిటికంటే ఆఖరు. దాని గదిలోకి వేరే చెప్పులు, వేరే చొక్కా. వైరస్‌లు గాలిలో పెద్దగా ఎగరవు, తుమ్ము తుంపర మీటరున్నర దాటదు. మన చేతులే మోసుకెళ్తాయి. టీకాలున్న మీ పెద్ద పిల్లికి పార్వో భయం లేదు, తుమ్ములు మాత్రం తేలికగా రావచ్చు.

చారలదానికి తిండి ఎలా: ముక్కు మూసుకుపోతే వాసన తెలియదు, వాసన తెలియకపోతే పిల్లి తినదు. నెబ్యులైజర్‌లో 3 మి.లీ. నార్మల్ సెలైన్ మాత్రమే పోసి, పిల్లని బుట్టలో పెట్టి పైన తువ్వాలు కప్పి పది నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. ఆ వెంటనే ముక్కు తుడిచి తిండి పెట్టండి. మనం పట్టే ఆవిరి గిన్నె వద్దు, ఒలికితే కాలుతుంది. విక్స్, జండూ బామ్, కర్పూరం, నీలగిరి తైలం ఏవీ దగ్గరికి రానీయకండి, కర్పూరం పిల్లులకు విషం. ముక్కులో వేసే మనుషుల చుక్కలూ వద్దు, సెలైన్ ఒక చుక్క చాలు.

పిల్లిపిల్లల తడి ఆహారాన్ని గోరువెచ్చని నీళ్లతో మెత్తటి జావలా చేయండి. పుండున్న నాలుకకు గట్టి ముక్క, పొడి తిండి గుచ్చుకుంటాయి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ కొద్ది రోజులకు పరవాలేదు. ఆవుపాలు, గేదెపాలు వద్దు, విరేచనాలు పెంచుతాయి. ఆహారం ఒంటి వేడికి దగ్గరగా ఉంటే వాసన బాగా లేస్తుంది. రోజుకు 100 గ్రాముల బరువుకు 20 కిలోకేలరీల లెక్కన చారలదానికి దాదాపు 100 కావాలి. సిరంజితో పెట్టాల్సి వస్తే నాలుగు కాళ్ల మీద నిలబడినట్టే ఉంచి, బుగ్గ పక్క నుంచి, మింగాక మళ్లీ. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వంటగది డిజిటల్ కాటా మీద పొద్దున, సాయంత్రం బరువు రాసుకోండి. ఈ వయసులో రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. పూర్తి రోజు పెరగకపోతే ఆ పిల్లకు జబ్బు ముదురుతోందని అర్థం, లక్షణాలు తర్వాత కనిపిస్తాయి. మెడ మీద చర్మం లాగి చూసే పద్ధతి ఇంత చిన్నవాటిలో నమ్మకం కాదు. చిగుళ్లు జిగటగా ఉన్నాయా, మూత్రం పసుపు పచ్చగా ఉందా చూడండి. పిల్లల మూత్రం మామూలుగా నీళ్లలా ఉంటుంది.

---

సెల్లార్_పిల్లులు:

సీసా వెనక బెంజాల్కోనియం క్లోరైడే ఉంది. ఆపేశాను, పాదాలు కడిగాను. నల్లదాని నాలుక చివర కూడా కొంచెం ఎర్రగా ఉంది. ఒక సందేహం: నులిపురుగుల మందు ఇప్పుడు వేయొచ్చా? ఎర్రది ఇంటికి వచ్చాక దేని మీద కన్నేసి ఉంచాలి?

---

చిన్నజంతువుల_వెట్:

నల్లదానికీ ఎర్రబడిందంటే ఆ లిక్విడ్ మీద అనుమానం బలపడింది. అయినా చారలదాని చిక్కటి చీమిడి లిక్విడ్ వల్ల రాదు, డాక్సీ ఆపకండి. నోటి నొప్పికి బ్యుప్రెనార్ఫిన్ ఆసుపత్రిలో ఉందేమో అడగండి, నొప్పి తగ్గితే అదే తింటుంది. మెలాక్సికామ్ (ఇంకో నొప్పి మందు) ఇంట్లో ఉందని వేయకండి. నీరు తగ్గిన పిల్లలో మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నులిపురుగులకు పైరాంటెల్ కిలోకు 10 మి.గ్రా. నల్లదానికి ఇప్పుడే వేయొచ్చు, రెండు వారాలకు మళ్లీ. చారలదానికి జ్వరం దిగాక, ఎర్రదానికి వాంతులు ఆగి తిండి నిలిచాక. ఎల్-లైసిన్ పొడి ఎవరైనా చెబితే కొనకండి. 2015లో అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలో అది హెర్పిస్‌కు పనిచేయదనే తేలింది.

ఎర్రది ఇంటికొచ్చాక నాలుగైదు రోజులు ఉష్ణోగ్రత రోజుకు రెండుసార్లు చూడండి. 103 దాటినా, 99 దిగినా ఫోన్ చేయండి. దానికీ తుమ్ములు మొదలయ్యే అవకాశం ఎక్కువ. తోబుట్టువుల వైరస్ అందులోనూ ఉండే ఉంటుంది, తెల్లకణాలు లేని రోజుల్లో ముక్కులో చీమిడి కూడా పట్టదు, చీము కట్టడానికి ఆ కణాలే కావాలి కదా. కణాలు తిరిగొచ్చాక ఒక్కసారిగా పచ్చ చీమిడి కనిపిస్తే కంగారు పడొద్దు, ఊపిరి లెక్కపెట్టండి. నిద్రలో నిమిషానికి 40 దాటినా, పొట్ట ఎగరేస్తూ పీల్చినా, నోరు తెరిచి పీల్చినా న్యుమోనియా. అప్పుడు నోటి మందులతో ఇంట్లో కూర్చోకూడదు, ఆక్సిజన్ ఉన్న చోటికి వెళ్లాలి. మీకు దగ్గర్లోనే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది. ఏ వేళ చూస్తారో ఇప్పుడే కనుక్కుని, నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.